ఛాయాచిత్రంలోని మనిషి, కాగితం మీది సంతకం: లిఖితపూర్వక సమ్మతి – చారిత్రక పరిశీలన

ప్రస్తావన

జానపద, గిరిజన, చరిత్ర అధ్యయనాలకు సంబంధించి మన విశ్వవిద్యాలయాలకు సమర్పించే సిద్ధాంతగ్రంథాలలో కృతజ్ఞతల పుట ఒకటి తప్పక ఉంటుంది. ఛాయాచిత్రాలను పునర్ముద్రించుకోవడానికి అనుమతించిన గ్రంథాలయానికో, ఆర్కైవ్స్‌కో, ప్రదర్శనశాలకో పరిశోధకుడు అక్కడ ధన్యవాదాలు చెప్పుకుంటాడు. అదే గ్రంథం చివర అనుబంధం తెరిస్తే ఆ చిత్రాల కింద "చెంచు స్త్రీ", "గోండు వృద్ధుడు", "కరవు శిబిరంలో తల్లీబిడ్డలు" వంటి శీర్షికలు కనిపిస్తాయి. అనుమతి ఇచ్చిన సంస్థకు పేరుంది. చిత్రంలో ఉన్న మనిషికి పేరు లేదు. ఇది ఏ ఒక్క పరిశోధకుని అశ్రద్ధ అనీ అనలేం. మనకు అందివచ్చిన పద్ధతే అటువంటిది. ఆ పద్ధతి ఎలా ఏర్పడింది, ఛాయాచిత్రం విషయంలో సంతకం ఎవరినుండి, ఎప్పుడు, ఎందుకు అడగసాగారు అన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

చర్చ సౌలభ్యం కోసం రెండు మాటలను వేరుచేసుకోవడం అవసరం. చిత్రంలో ఉన్న మనిషి ఇచ్చేదాన్ని ఈ వ్యాసంలో "సమ్మతి" అంటున్నాను. చిత్రం ఎవరి అధీనంలో ఉందో వారు ఇచ్చేదాన్ని "అనుమతి" అంటున్నాను. నిత్య వ్యవహారంలో ఈ రెండూ కలిసిపోతాయి. చరిత్రలో మాత్రం ఇవి వేర్వేరు దారుల్లో నడిచాయి. సంతకం మొదట ఆస్తి వెంట నడిచింది, తరువాత వ్యాపారం వెంట నడిచింది. చిత్రంలోని మనిషి దగ్గరకు ఆలస్యంగా వచ్చింది. ఆ మనిషిని "విజ్ఞానం" కోసం చిత్రించిన సందర్భాలలోనైతే అన్నిటికంటె ఆలస్యంగా వచ్చింది.

మొదటి సంతకం చిత్రకారునిది

1839లో డాగ్యురోటైప్ లోకానికి వెల్లడైనప్పుడు ఒక ముఖచిత్రం తీయాలంటే మనిషి చాలాసేపు కదలకుండా కూర్చోవలసి వచ్చేది. తెలియకుండా చిత్రం తీయడం సాధ్యం కాదు కాబట్టి, కూర్చోవడమే సమ్మతిగా భావించారు. 1890 డిసెంబరులో హార్వర్డ్ లా రివ్యూలో ఏకాంత హక్కును ప్రతిపాదిస్తూ సామ్యుయెల్ వారెన్, లూయీ బ్రాండైస్ రాసిన ప్రసిద్ధ వ్యాసం ఈ సంగతినే గుర్తు చేసింది. చిత్రం కోసం మనిషి స్వయంగా వచ్చి కూర్చోవలసిన రోజుల్లో ఒప్పందాల చట్టమే అతనికి తగిన రక్షణ ఇవ్వగలిగిందని, చాటునుండి చిత్రం తీయగల రోజులు వచ్చాక ఆ రక్షణ చాలదని వారి వాదం.

ఈ వాదంలో ఒక లోపముంది. కూర్చున్న ప్రతివారూ సమ్మతించి కూర్చోలేదు. 1850లో హార్వర్డ్ ఆచార్యుడు లూయీ అగాసీ కోసం, దక్షిణ కరొలైనాలోని కొలంబియా నగరంలో జోసెఫ్ జీలీ అనే చిత్రకారుడు బానిసత్వంలో ఉన్న ఏడుగురు ఆఫ్రికన్ సంతతివారిని వివస్త్రలుగానో అర్ధనగ్నంగానో నిలబెట్టి, కూర్చోబెట్టి డాగ్యురోటైపులు తీశాడు. మానవజాతులు వేర్వేరుగా పుట్టాయన్న తన సిద్ధాంతానికి అగాసీ వాటిని సాక్ష్యంగా తలచాడు. వారూ కదలకుండానే కూర్చున్నారు. వారిలో రెంటీ, ఆయన కూతురు డీలియా ఉన్నారు. ఈ చిత్రాలకు వ్యాసంలో మళ్ళీ రావలసి ఉంటుంది.

ఛాయాచిత్రానికి సంబంధించి చట్టం మొదట కోరిన సంతకం చిత్రంలోని మనిషిది కాదు. బ్రిటన్‌లో 1862 నాటి లలితకళల కాపీరైట్ చట్టం ఛాయాచిత్రాలను తొలిసారి కాపీరైట్ పరిధిలోకి తెచ్చింది. డబ్బిచ్చి తీయించుకున్న చిత్రం మీద తనకు హక్కు మిగలాలంటే చిత్రకారుడు తీయించుకున్నవారి చేత రాయించి సంతకం పెట్టించుకోవాలి. లేకుంటే హక్కు డబ్బిచ్చినవారిది. 1911 నాటి బ్రిటిష్ చట్టంలో, దాన్ని అనుసరించిన 1914 నాటి భారత చట్టంలో, స్వతంత్ర భారతదేశపు 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్‌లో ఈ సూత్రం కొనసాగింది. ప్రతిఫలమిచ్చి తీయించుకున్నవారే, వేరే ఒప్పందం లేనప్పుడు, మొదటి హక్కుదారు. తీయించుకున్నవారు, చిత్రంలో ఉన్నవారు ఒకరే అయినప్పుడు ఈ సూత్రం మనిషికి రక్షణగా కనిపిస్తుంది. పెళ్ళి ఫొటోలకు ఇది సరిపోతుంది. ఖర్చు పెట్టింది ప్రభుత్వమో పరిశోధకుడో అయినప్పుడు చిత్రంలోని మనిషికి ఈ చట్టంలో చోటు లేదు.

1888లో ఇంగ్లండులో విచారణకు వచ్చిన పొలార్డ్ వ్యాజ్యం ఈ స్థితికి మంచి నిదర్శనం. ఒక గృహిణి డబ్బిచ్చి స్టూడియోలో చిత్రం తీయించుకున్నది. స్టూడియోవారు ఆ చిత్రంతో క్రిస్మస్ కార్డు తయారుచేసి దుకాణంలో ప్రదర్శించారు. న్యాయమూర్తి నార్త్ దాన్ని నిషేధించాడు. అందుకు చూపిన కారణాలు రెండు: ఒప్పందంలో అంతర్గతంగా ఉన్న షరతు ఉల్లంఘన, నమ్మకద్రోహం. ఆమె డబ్బిచ్చింది కనుక ఒప్పందముంది, ఒప్పందముంది కనుక రక్షణ దొరికింది. ఆమె ముఖం ఆమెది అన్న కారణం తీర్పుకు ఆధారం కాలేదు.

పిండిమిల్లు ప్రకటన

అదే 1888లో అమెరికాలోని రాచెస్టర్ నగరం నుండి జార్జ్ ఈస్ట్‌మన్ కొడాక్ కెమెరాను విపణిలోకి తెచ్చాడు. చేతిలో పట్టే పెట్టె, నొక్కితే చాలు చిత్రం. లిఖితపూర్వక సమ్మతికి మూలమైన వివాదం కూడా ఆ నగరంతోనే ముడిపడి ఉండడం యాదృచ్ఛికమే అయినా ఆసక్తికరం. రాచెస్టర్ ఫోల్డింగ్ బాక్స్ కంపెనీ ముద్రించిన ఒక ప్రకటన పత్రం మీద అబిగైల్ రాబర్‌సన్ అనే యువతి ముఖచిత్రం అచ్చయింది. ఫ్రాంక్లిన్ మిల్స్ కంపెనీవారి గోధుమపిండికి అది ప్రచారం. దాదాపు 25,000 ప్రతులు దుకాణాల్లో, గోదాముల్లో, మద్యశాలల్లో అంటించారు. ఆమె సమ్మతి ఎవరూ అడగలేదు. పరిచయస్థులు గుర్తుపట్టి ఎగతాళి చేశారని, ఆ మనోవ్యథతో మంచం పట్టి వైద్యుని పిలిపించుకోవలసి వచ్చిందని ఫిర్యాదు. ఆమె అప్పటికి మైనరు కాబట్టి సంరక్షకుల ద్వారా 15,000 డాలర్ల పరిహారం కోరుతూ దావా వేసింది.

కింది కోర్టులు ఆమెకు అనుకూలంగా చెప్పాయి. 1902 జూన్‌లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానమైన కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ 4–3 ఆధిక్యంతో వాటిని తోసిపుచ్చింది. ఆధిక్యం తరఫున తీర్పు రాసిన ప్రధాన న్యాయమూర్తి ఆల్టన్ పార్కర్ ఏకాంత హక్కు అనేదానికి పూర్వప్రమాణం లేదన్నాడు. ఒకసారి ఒప్పుకుంటే వ్యాజ్యాలకు అంతుండదని భయపడ్డాడు. చిత్రం అందంగానే ఉందని, వేరొకరైతే దాన్ని మెప్పుగా భావించి ఉండేవారని కూడా ఆయన వ్యాఖ్యానించాడు. ఆ వాక్యం చదివిన వారికి తీర్పులోని న్యాయశాస్త్రం కంటె అందులోని దృష్టి ఎక్కువ తెలుస్తుంది.

తీర్పు మీద పత్రికల్లో తీవ్ర నిరసన వచ్చింది. మరుసటి ఏడు, 1903లో, న్యూయార్క్ శాసనసభ ఒక చట్టం చేసింది. జీవించి ఉన్న ఏ వ్యక్తి పేరునైనా, రూపచిత్రాన్నైనా ప్రకటనల కోసం, వ్యాపారం కోసం వాడాలంటే ముందుగా ఆ వ్యక్తి నుండి లిఖితపూర్వక సమ్మతి తీసుకోవాలి, మైనరైతే తల్లిదండ్రులో సంరక్షకులో ఇవ్వాలి. ఉల్లంఘిస్తే అది నేరం, పరిహారానికి దావా కూడా వేయవచ్చు. నేడు ప్రపంచమంతటా ఛాయాచిత్రకారులు సంచిలో పెట్టుకు తిరిగే సమ్మతిపత్రానికి స్పష్టమైన శాసన మూలం ఇదే.

కథకు ఒక కొసరు ఉంది. 1904లో డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిగా నిలిచిన అదే పార్కర్, తనను వేళకాని వేళల్లో చాటునుండి చిత్రిస్తున్న కెమెరావాళ్ళ మీద విసుక్కున్నాడు. రాబర్‌సన్ పత్రికకు బహిరంగ లేఖ రాసి, అటువంటి హక్కేదీ లేదని తేల్చింది మీరే కదా అని ఆయనకు గుర్తు చేసింది.

1905లో జార్జియా సుప్రీం కోర్టు పావెసిచ్ వ్యాజ్యంలో శాసనం ప్రమేయం లేకుండానే ఏకాంత హక్కును గుర్తించింది. అట్లాంటా నగరపు చిత్రకళాకారుడొకరి ఛాయాచిత్రాన్ని ఒక జీవిత బీమా కంపెనీ, పాలసీ తీసుకున్న సుఖజీవికి నమూనాగా పత్రికా ప్రకటనలో వాడింది. ఆయన ఆ కంపెనీ దగ్గర పాలసీ తీసుకోనే లేదు.

1903 చట్టపు మాటలను మళ్ళీ చూడాలి. "ప్రకటనల కోసం, వ్యాపారం కోసం." ఈ రెండు ప్రయోజనాలకే సమ్మతి తప్పనిసరి. వార్తకు అక్కర లేదు. కళకు అక్కర లేదని న్యాయస్థానాలు తరువాత వ్యాఖ్యానించాయి. ఒక శతాబ్దం గడిచాక న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో నడిచివెళ్తున్నవారిని వారికి తెలియకుండా చిత్రించి, ఆ ముద్రణలను వేల డాలర్లకు అమ్మిన ఫిలిప్ లోర్కా డికొర్షియా మీద, ఆ చిత్రాల్లో ఒకదానిలో ఉన్న యూదు వృద్ధుడు దావా వేశాడు. తన రూపాన్ని చిత్రించి ప్రదర్శించడం తన మతవిశ్వాసానికి విరుద్ధమన్నాడు. 2006లో విచారణ న్యాయస్థానం అది కళ అని, 1903 చట్టం దానికి వర్తించదని చెప్పి దావా కొట్టివేసింది. పిండిబస్తా మీద ముఖం వేస్తే సంతకం కావాలి, గ్యాలరీ గోడ మీద వేలాడదీస్తే అక్కరలేదు. విజ్ఞానగ్రంథంలో అచ్చువేస్తే? ఆ ప్రశ్న ఆ చట్టం రాసినవారి ఊహలోకే వచ్చినట్లు కనబడదు.

జర్మనీ దారి

జర్మనీలో ప్రేరణ వేరు. 1898 జూలై 30న మాజీ ఛాన్సలర్ బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు హాంబర్గ్ ఛాయాచిత్రకారులు కిటికీ గుండా మరణశయ్య ఉన్న గదిలోకి చొరబడి శవాన్ని చిత్రించారు. దాన్ని ఆపడానికి రైహ్ న్యాయస్థానం 1899లో అక్రమ ప్రవేశాన్ని ఆధారం చేసుకోవలసి వచ్చింది. ముఖచిత్రం మీద హక్కనేది చట్టంలో లేదు. 1907 జనవరిలో చేసిన చట్టం ఆ లోటు తీర్చింది. ఎవరి రూపచిత్రాన్నైనా ప్రచారంలోకి తేవాలన్నా, బహిరంగంగా ప్రదర్శించాలన్నా వారి సమ్మతి కావాలి. ఇది వ్యాపారానికే పరిమితం కాదు. మరణించిన తరువాత పదేళ్ళపాటు బంధువుల సమ్మతి కావాలి. సమకాలీన చరిత్రకు చెందిన చిత్రాలు, సభలు, ఊరేగింపులు మొదలైనవి మినహాయింపు. సంతకమే కావాలని ఈ చట్టం అనలేదు. చిత్రం కోసం పారితోషికం తీసుకుంటే సమ్మతి ఉన్నట్లే లెక్క అన్నది. అమెరికా చట్టం కాగితాన్ని కోరి పరిధిని కుదించింది, జర్మనీ చట్టం పరిధిని పెంచి కాగితాన్ని వదిలింది.

పాలకుల కెమెరా, పాలితుల ముఖం

యూరప్, అమెరికాలలో గృహిణి ముఖం, ఛాన్సలర్ శవం గురించి చట్టాలు మల్లగుల్లాలు పడుతున్న ఈ కాలంలోనే వలస భారతదేశంలో వేల ముఖాలు ఛాయాచిత్రాల సంపుటాల్లోకి ఎక్కాయి. జాన్ ఫోర్బ్స్ వాట్సన్, జాన్ విలియం కే సంపాదకత్వంలో 1868–1875 మధ్య ఎనిమిది సంపుటాలుగా వెలువడిన "ది పీపుల్ ఆఫ్ ఇండియా" వీటిలో ప్రసిద్ధం. గవర్నర్ జనరల్ కానింగ్ కాలంలో మొదలైన సేకరణ, 1857 తిరుగుబాటు తరువాత ప్రభుత్వ కార్యక్రమంగా మారింది. కులం, తెగ ముఖ్యం. మనిషి వాటికి నమూనా.

ఈ పుస్తకం చూసిన భారతీయుని స్పందన ఒకటి నమోదై ఉంది. 1869లో కుమారులతో లండన్ వెళ్ళిన సయ్యద్ అహ్మద్ ఖాన్ ఇండియా ఆఫీసులో ఈ సంపుటాలను చూశాడు. అవి చూస్తున్న ఒక యువ ఆంగ్లేయుడు ఆయన కుమారుణ్ణి నీవూ హిందుస్తానీవేనా అని అడిగితే, ఆ కుర్రవాడు సిగ్గుతో ఎర్రబడి, అవునంటూనే తమ పూర్వికులు ఇక్కడి ఆదిమవాసులు కారని సంజాయిషీ ఇచ్చుకున్నాడట. దీన్ని సాధారణంగా వలస అవమానానికి ఉదాహరణగా చెప్తారు. అది నిజమే కాని సగమే నిజం. ఆ కుర్రవాని బాధ, తనను ఆ చిత్రాల్లోని వారితో జతకట్టారని. ఆ చిత్రాల్లోని వారి బాధ ఏమిటని ఆ గదిలో ఎవరూ అడగలేదు. విద్యావంతులమైన మనం ఈ సంఘటనను ఉదహరించేటప్పుడు మనం నిలబడింది ఎవరి పక్కనో గుర్తుంచుకోవడం మంచిది.

తెలుగు ప్రాంతాలకు ఇంకా దగ్గరి ఉదాహరణ 1876–78 నాటి మహాక్షామం. మొదటి ఏడాది పేరుతో ధాత కరువుగా జనస్మృతిలో నిలిచిన ఈ కరవు బళ్ళారి, కర్నూలు, కడప జిల్లాలను తీవ్రంగా దెబ్బతీసింది. మద్రాసు సైన్యాధికారి విల్లోబీ వాలెస్ హూపర్ ఈ క్షామబాధితులను చిత్రించాడు. ఎముకల గూళ్ళవంటి శరీరాలను వరుసగా, గుంపుగా అమర్చి తీసిన చిత్రాలవి. ఆకలితో ఉన్నవారిని పోజులో నిలబెట్టి, చిత్రం ముగిశాక పట్టించుకోకుండా పంపేశాడన్న విమర్శ, వెక్కిరింత ఆనాడే వచ్చాయి. హూపర్ ఇక్కడితో ఆగలేదు. 1886లో మాండలేలో సైనిక పోలీసు అధికారిగా ఉన్నప్పుడు మరణశిక్ష పడినవారిని కాల్చే క్షణాన్ని ఛాయాచిత్రంలో పట్టడానికి ప్రయత్నించాడు. లండన్ పత్రికల్లో గగ్గోలు పుట్టి, విచారణ జరిగి, మందలింపు పడింది.

మద్రాసు ప్రభుత్వ మ్యూజియం పర్యవేక్షకుడు ఎడ్గార్ థర్‌స్టన్ కె. రంగాచారి సహకారంతో 1909లో ఏడు సంపుటాలుగా ప్రచురించిన "కాస్ట్స్ అండ్ ట్రైబ్స్ ఆఫ్ సదరన్ ఇండియా" తెలుగు పరిశోధకులకు కొట్టినపిండి. కులాల గురించి రాసే ప్రతివారూ దాన్ని ఉటంకిస్తారు. దాని ఉపోద్ఘాతంలో థర్‌స్టన్ తనను చూసి జనం ఎలా భయపడ్డారో హాస్యంగా చెప్పుకున్నాడు. తమలో మంచి నమూనాలను చంపి గడ్డికూరి మ్యూజియంలో పెట్టడానికి వచ్చాడనుకుని వైనాడులో పణియ స్త్రీలు పారిపోయారు. నీలగిరుల్లో ఒక ఇరుళ వ్యక్తి ఎత్తుకొలిచే కొయ్యను ఉరికంబం అనుకుని నిరాకరించాడు. థర్‌స్టన్ దీన్ని అజ్ఞానంగా చూశాడు. చారిత్రకుడు దీన్ని అసమ్మతిగా నమోదు చేయవలసి ఉంటుంది. సంతకం అడగని కాలంలో "వద్దు" అనడానికి ఉన్న మార్గం పారిపోవడం. మ్యూజియం, ఉరికంబం అన్న రెండు ఊహలూ మరీ అసంబద్ధమైనవి కావు. కొలతలు, ఛాయాచిత్రాలు అదే రోజుల్లో పోలీసు విధానాల్లోనూ చేరుతున్నాయి. 1920 నాటి ఖైదీల గుర్తింపు చట్టం ఛాయాచిత్రం తీయనివ్వకపోవడాన్నే నేరం చేసింది. కాని విడుదలైనవారి, నిర్దోషుల చిత్రాలను, పూర్వం శిక్షపడినవారు కాకుంటే, నాశనం చేయాలని కూడా ఆ చట్టమే చెప్పింది. మానవశాస్త్ర సంపుటంలో చేరిన ముఖానికి ఆపాటి విడుదల కూడా లేదు.

హైదరాబాదు రాజ్యంలో రెండు కెమెరాలు

ఒకే రాజ్యంలో సమ్మతి ఎవరికి ఎలా దక్కిందో చూడాలంటే హైదరాబాదు అనువైన చోటు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడు లాలా దీన్‌దయాళ్ 1892లో పరదా పాటించే స్త్రీల కోసం ప్రత్యేకంగా జనానా స్టూడియో తెరిచాడు. ఒక ఆంగ్ల వనిత ఆధ్వర్యంలో అది నడిచింది. పురుషుల కంటపడకుండా వచ్చి, చిత్రం తీయించుకుని, పరువుకు భంగం లేకుండా వెళ్ళే ఏర్పాటు అది. అక్కడ ఎవరూ సమ్మతిపత్రం రాయించుకుని ఉండరు. రాయించుకోనవసరం లేదు. గోడలు, పరదా, హోదా, చెల్లించే సొమ్ము ఇవే ఆ స్త్రీల సమ్మతిని కాపాడాయి.

అర్ధశతాబ్దం తరువాత అదే రాజ్యంలోని అడవుల్లో ఇంకొక కెమెరా తిరిగింది. ఆస్ట్రియా దేశీయుడు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ రెండవ ప్రపంచయుద్ధం వల్ల శత్రుదేశీయునిగా హైదరాబాదు రాజ్యానికి పరిమితమై, నల్లమల చెంచుల మధ్య, గోదావరి తీరపు కొండరెడ్ల మధ్య, ఆదిలాబాదు గోండుల మధ్య పనిచేశాడు. 1943, 1945, 1948 సంవత్సరాల్లో ఆ మూడు అధ్యయనాలూ గ్రంథాలయ్యాయి. ఆయన తీసిన వేలాది ఛాయాచిత్రాలు నేడు లండన్‌లోని సోయాస్ గ్రంథాలయంలో ఉన్నాయి, అంతర్జాలంలోనూ చూడవచ్చు.

హైమెండార్ఫ్‌ను హూపర్‌తో ఒకే గాటన కట్టడం అన్యాయం. 1940లో కొమురం భీం పోరాటం తరువాత గోండుల భూసమస్యను ప్రభుత్వం ముందు పెట్టడంలో, పట్టాలు ఇప్పించడంలో, మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణకు దారితీయడంలో ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ చేసిన కృషిని అక్కడివారు నేటికీ తలచుకుంటారు. 1987లో హైదరాబాదులో మరణించిన బెట్టీ ఎలిజబెత్‌ను మార్లవాయిలోనే ఖననం చేశారు. ఆయన అస్థికలు కూడా తరువాత అక్కడికే చేరాయి. వారి పట్ల ఆ ప్రజలకున్న ఆదరం ఏ సంతకం కంటె తక్కువది కాదు. అయితే ఆదరం ఒకటి, సమ్మతి ఒకటి. తమ గుడిసె ముందు చిత్రం తీయనిచ్చిన మనిషి, ఆ చిత్రం ఎనభై ఏళ్ళ తరువాత ప్రపంచంలో ఎవరైనా చూడగల చోట ఉంటుందని తెలిసి ఇచ్చాడని చెప్పలేం. ఆనాటి క్షేత్రపర్యటనలో సమ్మతిపత్రమనే ఆచారమే లేదు. అమెరికన్ మానవశాస్త్ర సంఘం తన వృత్తినీతి సూత్రాల్లో కెమెరా, టేప్‌రికార్డరు ఏమి చేయగలవో సమాచారదాతలకు స్పష్టం చేయాలని, వాటిని నిరాకరించే స్వేచ్ఛ వారికి ఉండాలని చెప్పింది 1971లో.

వైద్యరంగం లిఖిత సమ్మతిని ఖండితంగా కోరింది. రోగిని గుర్తుపట్టగల చిత్రం ప్రచురించాలంటే లిఖితపూర్వక సమ్మతి అవసరమని, కళ్ళమీద నల్లపట్టీ వేస్తే గోప్యత కాపాడినట్లు కాదని వైద్యపత్రికల సంపాదకుల అంతర్జాతీయ సంఘం 1995లో ప్రకటించింది. మన మానవీయశాస్త్రాల పత్రికల్లో ఇప్పటికీ నల్లపట్టీ దగ్గరే ఆగినవారు ఉన్నారు.

సంతకం తిరగబడిన వేళ

అగాసీ చిత్రాల సంగతికి తిరిగి వద్దాం. 1976లో హార్వర్డ్‌లోని పీబాడీ మ్యూజియం అటకమీద ఆ డాగ్యురోటైపులు బయటపడ్డాయి. 1990ల మధ్యలో నల్లజాతి కళాకారిణి కేరీ మే వీమ్స్ వాటి ప్రతులను ఎరుపురంగులో పెద్దవిచేసి, వాటి మీద మాటలు చెక్కి, ఛాయాచిత్ర చరిత్రనే నిలదీసే కళాకృతిగా మలిచింది. అనుమతి లేకుండా వాడనని ఆమె మ్యూజియంకు సంతకం పెట్టి ఇచ్చిందని, ఒప్పందం ఉల్లంఘించిందని హార్వర్డ్ దావా వేస్తామని హెచ్చరించింది. చట్టపరంగా మీ పక్షం ఉండవచ్చు, నైతికంగా నా పక్షముంది, న్యాయస్థానంలోనే తేల్చుకుందాం అన్న ధోరణిలో ఆమె జవాబిచ్చింది. దావా పడలేదు. ఆ కళాకృతిలో కొంత భాగాన్ని హార్వర్డే తరువాత కొనుక్కుంది.

ఈ ఒక్క సంఘటనలో మన విషయమంతా ఉంది. బలవంతంగా నిలబెట్టిన ఏడుగురి నుండి 1850లో ఎవరూ సంతకం కోరలేదు. ఆ చిత్రాలను చూడదలచినవారి నుండి మాత్రం కోరారు.

రెంటీ తన పూర్వికుడని చెప్పుకున్న తమారా లేనియర్ 2019లో హార్వర్డ్ మీద దావా వేసింది. 2022 జూన్‌లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం ఆస్తిహక్కు వాదాన్ని అంగీకరించలేదు. చిత్రంలో ఉన్నంత మాత్రాన చిత్రం మీద హక్కు రాదన్న పాత సూత్రమే నిలిచింది. అయితే ఆమె పట్ల విశ్వవిద్యాలయం ప్రవర్తించిన తీరువల్ల కలిగిన మనోవ్యథకు దావా సాగించవచ్చన్నది. 2025 మేలో రాజీ కుదిరి, ఆ చిత్రాలను దక్షిణ కరొలైనాలోని చార్లెస్టన్‌లో ఉన్న ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంకు బదలాయించడానికి అంగీకారం కుదిరింది.

వేలిముద్ర సంగతి

భారతదేశంలో ముఖచిత్రం మీద హక్కును నేరుగా చెప్పే చట్టం లేదు. 1983లో శిక్షాస్మృతికి చేర్చిన 228–ఏ సెక్షన్ అత్యాచార బాధితుల గుర్తింపును ప్రచురించడం నేరమని, బాధితురాలి లిఖిత అనుమతి ఉంటే మినహాయింపని చెప్పింది. 1994లో రాజగోపాల్ కేసులో, 2017లో పుట్టస్వామి కేసులో సుప్రీం కోర్టు ఏకాంత హక్కును స్థిరపరిచింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సమ్మతిని, దాన్ని ఉపసంహరించుకునే హక్కును స్పష్టంగా పేర్కొన్నది. అదే చట్టం 17వ సెక్షన్ పరిశోధనకు, ఆర్కైవ్స్‌కు, గణాంకాలకు నిర్ణీత ప్రమాణాలు పాటిస్తే మినహాయింపు కూడా ఇచ్చింది. 1903 చట్టం లాగానే ఇదీ జ్ఞానరంగానికి తలుపు తెరిచే ఉంచింది.

అందువల్ల మన క్షేత్రంలో సమ్మతిపత్రం ప్రధానంగా విశ్వవిద్యాలయ నైతిక సంఘాల మాటమీద నడుస్తున్నది. భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు చదువురాని వారి విషయంలో నిష్పాక్షిక సాక్షి సమక్షంలో వేలిముద్ర తీసుకోవాలంటాయి. దస్తావేజుల్లో "ఫలానావారి నిశాని" అని రాసి ఎడమచేతి బొటనవేలి ముద్ర వేయించడం మన పల్లెల్లో తరతరాలుగా తెలిసినదే. ఆ ముద్ర పుట్టుపూర్వోత్తరాలు కొంచెం చూడాలి. 1858లో బెంగాల్‌లోని జంగీపూర్‌లో కంపెనీ అధికారి విలియం హెర్షెల్, రోడ్డుకు కంకర సరఫరా చేసే రాజ్యధర్ కొనాయ్ చేత ఒప్పందపత్రం మీద అరచేతి ముద్ర వేయించాడు. రేపు ఈ సంతకం నాది కాదనడానికి జంకాలని తన ఉద్దేశమని హెర్షెల్ తానే తరువాత చెప్పుకున్నాడు. చదివి అర్థం చేసుకున్నాడనడానికి అది గుర్తు కాదు, వెనక్కి పోకుండా కట్టిన ముడి.

గూడెంలో ఇంగ్లీషులో ముద్రించిన ఫారం మీద వేలిముద్ర వేయించుకుని వచ్చిన పరిశోధకుడు ఏ వంశావళిలో నిలబడుతున్నాడో ఇక్కడ గమనించవచ్చు. పింఛనుకు, రేషనుకు, అప్పుకు వేలు పెట్టడం అలవాటైన మనిషి ఈ కాగితానికీ వేలు పెడతాడు. "వద్దంటే ఏమైనా ఆగిపోతుందేమో" అన్న భయం ఆ వేలిలో ఉండవచ్చు. నా విద్యార్థులకు నేను చెప్పే పద్ధతి ఒకటుంది. ఫారం తెలుగులోనో, గోండిలోనో, కోయలోనో నోటితో చెప్పి ఆ సంభాషణను రికార్డు చేయాలి. చిత్రం ఎక్కడ అచ్చవుతుందో, అంతర్జాలంలో ఎవరు చూడగలరో ఫోనులో చూపించాలి. పేరు వేయాలా వద్దా అని విడిగా అడగాలి, పేరు దాచడమే మర్యాద అని మనమే నిర్ణయించకూడదు. ముద్రించిన ప్రతి ఒకటి వారి చేతికివ్వాలి. చిత్రం తీసిన రోజున కాక, ప్రచురణకు ముందు మరొకసారి అడగాలి. ఆ రెండవసారి "వద్దు" అన్నవారు నాకు తారసపడ్డారు. మొదటిసారి వారు వేసిన వేలిముద్రలు ఫైలులోనే ఉన్నాయి, చిత్రాలు మాత్రం అచ్చుకు వెళ్ళలేదు.

పాత చిత్రాల విషయం దీనికంటె కఠినం. హూపర్ చిత్రించిన వారి వారసులను వెదకడం అసాధ్యం. హైమెండార్ఫ్ చిత్రాల సంగతి అలా కాదు. తీసి ఎనభై ఏళ్ళే అయింది, ఊళ్ళ పేర్లు గ్రంథాల్లో ఉన్నాయి, ఆ ఊళ్ళూ ఉన్నాయి. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూరు మండలంలోని మార్లవాయికి నేడు బస్సుమీద వెళ్ళవచ్చు. ఆ సేకరణలోని ఒక చిత్రాన్ని వాడుకోదలచిన పరిశోధకుడు లండన్‌కు రాసే ఉత్తరంతో పాటు, ముద్రించిన ప్రతి ఒకటి పట్టుకుని ఆ ఊరికి వెళ్ళి, ఇందులో ఉన్నది ఎవరని అడగవచ్చు.